నూనె పోసి పండబెట్టిన బండి

కారు మీది చద్దర్లు తీసి ఉతకమని అత్త చెప్పింది. ఆరు చద్దర్లు. అన్నీ మా మరమగ్గాల మీద నేసినవే. రంగు కారిందనో, అంచు తప్పిందనో వ్యాపారి తిప్పి పంపినవి. షెడ్డు మూలన ఇటుకల మీద నిలబెట్టిన కారును ఎనిమిదేళ్లుగా అవే కప్పి ఉంచాయి. ఒక్కొక్కటి లాగుతుంటే దూది దుమ్ము పొగలా లేచింది. నాకు తొమ్మిదో నెల. వంగితే ఊపిరి ఆడదు. అందుకని కింద కూర్చుని లాగాను.

"నీ కోసమే గదనే ఈ తిప్పలంత," అంది అత్త సుందరాబాయి, గడప దగ్గర కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తూ. "దవాఖానకు కార్ల పోతవు. మా కాలంల ఎవరు పోయిన్రు కార్ల? నా ఐదు కాన్పులు మగ్గం కాడనే అయినయ్."

బిడ్డ అడ్డంగా ఉందని డాక్టరమ్మ చెప్పి పదిహేను రోజులైంది. ఇది మరాఠీ ఊరు, ఆమె మాటలు నాకు సగమే అర్థమయ్యాయి. కానీ బల్ల మీద వేలితో కొడుతూ అన్న మాట మాత్రం పూర్తిగా అర్థమైంది: నొప్పులు మొదలయ్యాక ఒక్క గంట కూడా ఇంట్లో ఉండకూడదు. మా అమ్మ బతికి ఉంటే పురిటికి సిద్దిపేట దగ్గర మా ఊరికి పోయేదాన్ని. అమ్మ లేదు. ఆ వారమే నా భర్త దశరథ్, కార్లు బాగుచేసే నరసయ్య మేస్త్రీని పిలుచుకొచ్చాడు. "భయపడకు పద్మా, బండి చాలూ చేయిస్త," అన్నాడు. పెళ్లయిన మూడేళ్లలో నా కోసం ఆయన చేయించిన మొదటి పని అది. తెల్లవారకముందే తొమ్మిది మందికి జొన్నరొట్టెలు చేసి, పగలంతా ఎనిమిది మగ్గాలకు కండెల మీద నూలు చుట్టి ఇస్తాను. ఒకసారి నడుం నొప్పి అంటే, "కూసోని చుట్టే పనే గద, దానికేం నొప్పి?" అన్నాడు. అలాంటి మనిషి నోట ఈ మాట విన్నప్పుడు నాకు సిగ్గు వేసేంత సంతోషం కలిగింది.

అయినా ఆ కారంటే భయమే. ఈ ఇంటి పెద్దకోడలు, మా బావ పురుషోత్తం భార్య విమలక్క, ఎనభై నాలుగులో దసరా ముందు రోజుల్లో పురిటి నొప్పులతో పోయింది. ఆమెను నేను చూడలేదు. ఆమె తిప్పిన రాట్నాన్నే నేను తిప్పుతున్నాను. దాని పిడి ఒకచోట అరిగి నున్నగా ఉంటుంది. నా వేళ్లు వెతక్కుండానే అక్కడికి పోతాయి. ఆమె గురించి ఈ ఇంట్లో ఒక్కటే మాట. "ఆనాడు కారు ఖరాబు కాకుంటే విమల బతుకుతుండె." నేను కాపురానికి వచ్చిన వారానికే పక్కింటి అంజమ్మ ఆ మాట చెప్పింది. అత్త నిట్టూర్చి చెబుతుంది. నా భర్త ఆ మాట మొదలైతే లేచి బయటికి వెళ్లిపోతాడు. బావ మాత్రం మగ్గాల దగ్గరికి వెళ్లేటప్పుడు కారు కనిపించకుండా వాకిలి ఆ చివరి నుంచి చుట్టూ తిరిగి వెళతాడు. ఎనిమిదేళ్లుగా ఆయన కోపమంతా ఆ ఇనుము మీదే. మధ్యాహ్నం ఒంటరిగా కండెలు చుట్టేటప్పుడు, ఆ చద్దర్ల కింద ఎవరో కూర్చుని నన్నే చూస్తున్నట్టు అనిపించేది. రాట్నం ఆపితే ఆ మనిషి కూడా ఊపిరి ఆపినట్టుండేది.

రెండో రోజు నరసయ్యకు చాయ్ ఇవ్వడానికి వెళ్లాను. ఆయన ముందు మూత ఎత్తి, ప్లగ్గులు విప్పి గోనెసంచి మీద వరుసగా పేర్చుకున్నాడు. ఇనుప హ్యాండిలు పెట్టి ఒక్క చేత్తో తిప్పాడు. లోపల ఏదో మెత్తగా కదిలింది.

"చూసినవా బిడ్డా, వెన్నపూస తీర్గ తిరుగుతుంది," అన్నాడు. "ఎవరో గాని ఈ బండిని మస్తు పావురంగ, ప్రేమగ పండవెట్టిన్రు. ట్యాంకి ఖాళీ చేసిండు, బ్యాటరీ తీసిండు, ఒక్కొక్క ప్లగ్గు ఇప్పి లోపల ఆయిల్ పోసిండు. మంచిగ నడిచే చాలూ బండినే గిట్ల పెడ్తరు."

"ఖరాబైందట గద కాకా, అప్పుడు?"

"ఏం ఖరాబు? ఇంజన్ మీద పానా వెట్టిన జాడ సుత లేదు. ఖరాబైన బండికి ఎవడన్న నూనె పోసి పండవెడ్తడా? పీనుగకు పాలు పోసినట్టు!" అని తన మాటకు తానే నవ్వాడు.

నేను నవ్వలేదు. ఈ ఇంట్లో ఇంజను పని కొంచెమైనా తెలిసినవాడు నా భర్త ఒక్కడే. అప్పుడు ఆయనకు ఇరవై ఏళ్లు.

సీట్ల కింద ఎలుకలు దూది గూళ్లు పెట్టాయి, ఊడ్చమన్నాడు నరసయ్య. వెనక తలుపు తీసి, చీపురు సీటు కిందికి జొనిపాను. గూడుతోపాటు ఒక గుడ్డసంచి వచ్చింది. ఒక మూల ఎలుకలు కొరికేశాయి. లోపల పాత నూలు చీరను చింపి మడత పెట్టిన పొత్తిగుడ్డలు, ఒక దువ్వెన, దవాఖాన చీటీ. చీటీ మీద మరాఠీ అక్షరాలు కూడబలుక్కుని చదివాను. విమల పురుషోత్తం. నా పెట్టెలో నా పేరుతో ఉన్న చీటీ కూడా సరిగ్గా అలాంటిదే. కారు కదలకపోతే సంచి సీటు కిందికి ఎలా వచ్చింది? కదలని బండిలోకి పురిటి సంచి ఎవరు పట్టుకొస్తారు? సంచి కొంగు కింద దాచుకుని ఇంట్లోకి వచ్చాను. పొట్టలో బిడ్డ ఒక్కసారి బలంగా తన్నింది.

మూడో రోజు పదకొండు గంటలకు ఇంజను అందుకుంది. ముందు దగ్గింది, తెల్లటి పొగ కక్కింది, తర్వాత కుదురుగా మోగసాగింది. మగ్గాల కార్మికులు పని ఆపి వచ్చి చప్పట్లు కొట్టారు. బావ రాలేదు. అందరికంటే చివరి మగ్గం దగ్గర మాకు వీపు చూపించి నిలబడే ఉన్నాడు.

అత్త నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టించింది. "ఇంక బంద్ చెయ్. నవమి దాక ఎవరు ఎక్కొద్దు," అంది. ఖండే నవమి రోజు మగ్గాలు ఆపి, కడిగి, బొట్లు పెట్టి పూజ చేస్తారు. ఇంట్లో బండి ఉంటే దానికీ చేస్తారు. నవమికి ఇంకా ఆరు రోజులున్నాయి.

"అంతకు ముందే నొప్పులొస్తే, అత్తా?" అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. ముందు అద్దాన్ని కొంగుతో తుడుస్తూ, "రావు," అంది.

అంత చిన్న మాట. ఆ మాట ఆమె ఇదివరకే ఒకసారి ఎవరితోనో అన్నదని నాకు తెలిసిపోయింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారే ఆగాయి. ఆ నిశ్శబ్దంలో సంచి తీసుకెళ్లి నా భర్త ముందు పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. నూలు బస్తా మీద కూర్చుండిపోయాడు.

"వదినె ఎక్కి కూసున్నది," అన్నాడు. "నేను చావి సుత పెట్టిన. అమ్మ అడ్డం వచ్చింది. తెల్లారితే నవమి పూజ, బండి కొని తెచ్చి రెండు దినాలు సుత కాలే, దానికి పురిటి మైల తగిలితే మగ్గాలకు కూడ మంచిది కాదన్నది. దించింది. నన్ను ఆటో తెమ్మన్నది. పండుగపూట ఆటో దొర్కలే. అక్కల్‌కోట్ రోడ్డు దాక ఉర్కిన."

"కారు ఇంట్ల పెట్టి ఉర్కిన్రా?"

ఆయన బస్తాలోంచి నూలు పోగొకటి లాగి వేలికి చుట్టుకున్నాడు.

"అన్న బొంబాయిల ఉండె. వచ్చి అడిగిండు. కారు ఖరాబైంది కొడుకా అని అమ్మ చెప్పింది. నేను ఊకున్న."

"ఊకోలే. నూనె పోసిన్రు."

"అదంటే... తుప్పు వడ్తదని..." అన్నాడు. ఆ మాట తన చెవిన పడ్డాక ఆగిపోయాడు. తర్వాత గబగబా, "నిన్ను తీస్కపోత పద్మా. ఒట్టు," అన్నాడు.

"అత్త అడ్డం వస్తే?"

ఆయన ఆగిన మగ్గాల వైపు చూశాడు. అంతలో కరెంటు వచ్చింది. ఎనిమిది మగ్గాలూ ఒకేసారి మొదలయ్యాయి. ఎవరో పిలిచినట్టు లేచి వెళ్లిపోయాడు.

నాకు ఆయన మీద కోపం రాలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆనాడూ కాదు. వదినె కోసం ఆయన పరుగెత్తాడు కూడా. నా కోసమూ పరుగెత్తుతాడు. కారు ఇక్కడే ఉంటుంది. విమలక్క దిగినప్పుడు ఏమీ అనలేదా? అని ఉంటుంది. అత్త చెయ్యి పట్టుకుంటే, పెద్దవాళ్ల మాట అని, మెల్లగా ఒక కాలు, తర్వాత ఇంకో కాలు కింద పెట్టి ఉంటుంది. నేనైతే? నేనూ అలాగే దిగుతానని నాకు తెలుసు. మూడేళ్లుగా నేను చేస్తున్నదీ అదే.

మర్నాడు పొద్దున బావ వసారాలో తినడానికి కూర్చున్నాడు. మా ఇళ్లలో తమ్ముడి భార్య బావతో మాట్లాడదు. పళ్లెం పెట్టి తలుపు చాటుకు వచ్చేస్తాను. ఉప్పు కావాలంటే ఆయన అత్తతో అంటాడు, అత్త నాతో అంటుంది. ఆ రోజు రొట్టె వడ్డించాక నేను కదలలేదు.

"బావా," అన్నాను.

ఆయన తలెత్తి వీధి వైపు చూశాడు. పిలిచింది ఎవరో ఆయనకు తెలియలేదు. మూడేళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఆయన నా గొంతు వినలేదు.

"ఏందే, తలకాయ గిన తిరిగిందా? లోపలికి నడువ్," అంది అత్త.

"బావా, ఆనాడు కారు ఖరాబు కాలే. మంచిగనే ఉండె. విమలక్క ఎక్కి కూసున్నది. పూజ కాలేదని దించిన్రు."

వసారా చివర నా భర్త గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. బావ ముందు తమ్ముణ్ని చూశాడు. తమ్ముడు కళ్లు దించుకున్నాడు. తర్వాత తల్లిని చూశాడు. అబద్ధమని ఆమె అంటుందేమోనని, ఒక్క మాట అంటే చాలునని చూస్తున్నట్టు, అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆమె అనలేదు. ఆకు కత్తిరించే కత్తెరను చేతిలోకి తీసుకుంది, మళ్లీ కింద పెట్టింది.

నేను తలుపు చాటుకు పోలేదు, బావ వైపే తిరిగాను.

"నాకు నొప్పులు రాలే బావా. వచ్చేదాక ఆగ కూడ ఆగ. ఇప్పుడే పోయి కార్ల కూసుంట. నన్నెవరు దించుతరో మీరు నిలవడి చూడున్రి."