కుక్కకయ్యే ఖర్చు

"ఓ కుక్కని తెచ్చి పెంచుకుందాం" అన్నాడు క్యాలో, నేను వంటింట్లో సుకుమా ఆకు తరుగుతుంటే. నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఈ పదిహేనేళ్ళ కాపురంలో వీధికుక్క మా గేటు దగ్గర నిలబడితే రాయి వెతుక్కున్న మనిషి ఇతను.

"దేనికి?" అన్నాను.

"నీకు తోడుగా ఉంటుందనే. మ్వెండే బోర్డింగ్ స్కూలుకి వెళ్ళాక ఇల్లు బోసిపోయింది కదా."

నాకు తోడట! జ్వరంతో పడుకుంటే టీ పెట్టమని లేపిన మనిషికి నా ఒంటరితనం ఇవాళ కనిపించిందంటే ఎలా నమ్మను? అంతటితో అయిందా, మర్నాడు మచాకోస్ నుంచి అత్తయ్య ఫోను. "మంచి పని చేస్తున్నాడే నా కొడుకు. ఆడదానికి ఇంట్లో ఏదో ఒక కాలక్షేపం ఉండాలి" అంది. కుక్కకి పేరు పెట్టి పిలిస్తేనే ముఖం చిట్లించే మనిషి ఆవిడ. తల్లీకొడుకులు ఒకే మాట మీద ఉన్నారంటే నాకు తెలియకుండా ఎక్కడో ఏదో ఉడుకుతోందన్నమాట. అసలు ఆ నెల మొదట్లోనే నాకు అనుమానం పట్టుకుంది. మా పూల కంపెనీ వాళ్ళు నన్ను నైవాషా తోటలో ప్యాకింగ్ షెడ్డుకి ఇన్‌చార్జిగా వెళ్ళమన్నారు. అక్కడే ఉండాలి, జీతం పెరుగుతుంది, పెరడున్న క్వార్టర్ ఇస్తారు. ఎన్నో ఏళ్ళుగా ఎయిర్‌పోర్టు పక్క చల్లటి గదిలో నిలబడి గులాబీ కాడలు కొలిచి కొలిచి నా వేళ్ళు మొద్దుబారిపోయాయి. ఆ సంగతి చెప్పిన రోజు గొడవ పడటానికి సిద్ధపడే చెప్పాను. క్యాలో "సంతోషం" అని టీవీ సౌండు పెంచుకున్నాడు. గొడవ జరగనందుకే నాకు ఎక్కువ భయమేసింది.

కుక్క మాటెత్తిన ఆదివారం ఫోన్లో లెక్కలు వేయడానికి కూర్చున్నాడు. అనాథ కుక్కల షెల్టర్‌కి కట్టాల్సింది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ఏటా రేబిస్ సూది, నులిపురుగుల మాత్రలు, గొలుసు, వడ్రంగితో చేయించే గూడు. అన్నీ పైకి చదివి వినిపించాడు. మ్వెండే స్కూలు ఫీజు కట్టేటప్పుడు కూడా ఇంత శ్రద్ధ పెట్టలేదు.

"తిండికి పెద్ద ఖర్చేం కాదులే. ఉగాలి ముద్ద మనకి ఎలాగూ కెలుకుతావు, ఇంకో గుప్పెడు పిండి వేస్తే సరి. కాసిని ఎండు చేపలు, కసాయి దగ్గర ఎముకలు."

"ఎవరు వండుతారు?"

"అదొక వంటా?"

"పొద్దున్నే ఎవరు తిప్పుతారు? అది చేసిందంతా ఎవరు ఎత్తుతారు? జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి ఎవరు మోస్తారు?"

"నువ్వున్నావు కదా!"

ఆ మాట విని నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. అత్తయ్యకి మోకాలి ఆపరేషనప్పుడూ నేనున్నాను కదా. ఆఫీసులో మేనేజరు పుట్టినరోజుకి కప్పులు కడగడానికీ నేనున్నాను కదా. గొలుసుకీ గూటికీ కూడా ధర కట్టిన లెక్కలో నా ధర మాత్రం ఎక్కడా లేదు. ఎందుకుంటుంది, నేను గోడలా ఇంటితోపాటు వచ్చినదాన్ని.

శనివారం షెల్టర్‌కి వెళ్ళాం. క్యాలో ముందే ఫోన్లో మాట్లాడి పెట్టాడట, తిన్నగా ఒక గోధుమరంగు కుక్క దగ్గరికే తీసుకెళ్ళారు. ఆడది. ఒక చెవి చిరిగి ఉంది. అది మొరగలేదు, తోక ఊపలేదు, వచ్చి నా మోకాలికి ఒరిగి నిలబడింది. తప్పు పట్టడానికి వెళ్ళినదాన్ని కూడా ఆ బరువు కరిగించేసింది. నాకది నచ్చింది, చాలా నచ్చింది. తలెత్తి చూస్తే క్యాలో నవ్వుతున్నాడు. ఆ నవ్వు మాత్రం నచ్చలేదు.

ఇల్లు చూడందే, ఇంట్లో పెద్దలందరినీ అడగందే వాళ్ళు కుక్కనివ్వరు. రెండ్రోజుల తర్వాత నాసియేకు అనే అమ్మాయి కిటెంగెలాలో మా ఇంటికి వచ్చింది. గేటు ఊపి చూసింది, గోడ ఎత్తు చూసింది, గూట్లోకి తల పెట్టి చూసింది. టీ తాగుతూ క్యాలో చెప్పిన ఖర్చులన్నీ విని మెచ్చుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"మీవారు మ్వెండే వాళ్ళమ్మ అనే చెప్పారు. మీ పేరేంటక్కా?"

"స్యోంబువా."

"ఉద్యోగం మానేస్తున్నారటగా స్యోంబువక్కా, మంచిదైంది. పాపం ఇదివరకు పెంచినవాళ్ళు దాన్ని పగలంతా గొలుసుకి కట్టేసి వదిలేసేవాళ్ళు. ఇంట్లో మనిషి ఉంటారంటేనే దాన్ని ఇస్తాం."

క్యాలో టీ కప్పులోకి చూస్తున్నాడు.

"మానేస్తున్నానని ఎప్పుడు చెప్పారమ్మా?"

"మొదటిసారి ఫోన్ చేసినప్పుడేనక్కా. ఈ నెల మొదటి వారంలోనే."

నైవాషా మాట చెప్పి అప్పటికి వారం కూడా కాలేదు. కూతురు బోర్డింగ్‌కి వెళ్ళిపోయాక నన్ను ఈ ఇంటికి కట్టిపడేసేది ఇంకేం మిగల్లేదని నాకంటే ముందు అతనే లెక్క వేసుకున్నాడు. ఆ చిరిగిన చెవిదాన్ని వెతికి తెచ్చింది నా తోడుకి కాదు, నా కాలికి కట్టడానికి. వద్దంటే ఆ పిచ్చిది మళ్ళీ బోనులోకి పోతుంది. దానికేం తెలుసు, దానిదేం తప్పు?

కప్పు కింద పెట్టాను.

"ఉద్యోగం మానడం లేదమ్మా. ఒకటో తారీఖు నుంచి నేను నైవాషాలో ఉంటాను. కుక్క నాతోనే వస్తుంది. క్వార్టరు షెడ్డు పక్కనే, మధ్యాహ్నం ఇంటికొస్తాను. మిగతా పగలంతా దాన్ని చూసుకోవడానికి మనిషిని పెడతాను. జీతమిచ్చి."

"జీతమా? కుక్కని చూడ్డానికా?" క్యాలో ఉలిక్కిపడ్డాడు.

"పని చేసినందుకు."

నాసియేకు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అయితే ఆ ఇల్లు కూడా చూడాలక్కా" అంది నెమ్మదిగా.

"రా అమ్మా. పెరడు పెద్దదట."

ఆ పిల్లని గేటు దాకా సాగనంపి వచ్చేసరికి క్యాలో ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు.

"మరి నాకు వంట ఎవరు చేస్తారు?"

"అదొక వంటా, మ్వెండే నాన్నా? ఒక్క గుప్పెడు పిండి చాలు" అన్నాను.