గుమ్మానికి కట్టిన మొక్క

గృహప్రవేశానికి వెళ్ళినదాన్ని గుమ్మం దగ్గరే ఆగిపోయాను. పైన, పసుపు తాడుతో తలకిందులుగా కట్టిన నా మొక్క, వేళ్ళు గాలికి వదిలేసి వేలాడుతోంది. ఆకులకు కుంకుమ బొట్లు కూడా పెట్టారు.

దిష్టికి కలబంద కట్టడం నాకు కొత్త కాదు. హన్మకొండలో మా ఇంటికీ కట్టేవాళ్ళు. కానీ ఇది మామూలు కలబంద కాదు. ఐదేళ్ళ కిందట, తొంభై రెండులో, ఈ దోహాలోనే నేను పుట్టించిన మొక్క. అల్ అజీజియాలో ఉండే తహెరున్నీసా ఆపా దగ్గర కలబంద జాతిలోనే ఒక అరుదైన చిన్న రకం ఉండేది, పగడం రంగు పూలది. నా దగ్గరున్నది మామూలు కలబంద, పసుపు పూలది. రెండూ ఒకేసారి పూయవు. ఆపా మొక్క పుప్పొడిని ఫిల్మ్ రోల్ డబ్బాలో పోసి, నాది పూసేదాకా రెండు నెలలు ఫ్రిజ్‌లో దాచి, సన్న కుంచెతో అద్దాను. పదకొండు గింజలొచ్చాయి. ఒక్కటే మొలిచి బతికింది. మరుసటి ఎండాకాలం ఆపా మొక్క మాడిపోయింది. ఇక రెండోది పుట్టే దారి లేదు.

ఈ చలికి అది మొదటిసారి మొగ్గ తొడిగింది. దాని పువ్వు ఏ రంగో లోకంలో ఎవరికీ తెలియదు. భర్త వీసా మీద వచ్చి, పని చేయకూడదని ముద్ర వేయించుకుని కూర్చున్నదాన్ని. ఆ రంగు చూడాలన్నదొక్కటే నాకంటూ ఉన్న కోరిక. చెల్లెలి కాన్పుకని మూడు రోజులు అల్ ఖోర్‌లో ఉండి, ఈ శుక్రవారం పొద్దున నేరుగా ఇటే వచ్చాను.

కమలాదేవి గారు ఎదురొచ్చారు. మా ఆయన అమర్‌కి మేనేజరైన రామకృష్ణారావు గారి భార్య. మదీనత్ ఖలీఫాలో కంపెనీ ఇచ్చిన విల్లాలో అప్పుడే పాలు పొంగించారు.

“కలబంద దొరుకుతుందా అని ఒక్క మాట అన్నానమ్మా. మీవారు పొద్దున్నే తెచ్చి, తనే స్టూలెక్కి కట్టారు. ఎంత ముద్దుగా ఉందో!”

ఆవిడ తప్పేముంది? పక్కనే అమర్ లడ్డూ తింటూ నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూడగానే అరికాలి మంట నెత్తికెక్కింది.

“వంటింటి బాల్కనీల పెద్ద కలబంద ఉన్నది గదా. కనబడలేదా మీకు?”

“అదంత ఎండినట్టున్నది. మేడమ్‌కు మంచిది ఇయ్యాల్నని ఇది తెచ్చిన. లొల్లి చెయ్యకు, అందరు చూస్తున్నరు.”

మంచిదట! ఐదేళ్ళలో ఏనాడూ ఆ కుండీ వైపు కన్నెత్తి చూడని మనిషికి, ఇంకొకరికి ఇచ్చే వేళకి ఏది మంచిదో తెలిసిపోయింది.

స్టూలు ఇంకా అక్కడే ఉంది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి ఎక్కాను.

“అయ్యో, కట్టింది దింపకూడదమ్మా, అశుభం!” అన్నారు కమలాదేవి గారు.

“కలబంద సాయంత్రంలోపల పంపిస్తనండీ. ఇది కలబంద కాదు,” అని తాడు తెంపాను. మొక్కను చేతిలోకి తీసుకుంటే ఆకుల మధ్య పచ్చి గాయం కనిపించింది. మొగ్గల కాడ లేదు.

“మొగ్గలేవి?”

“కట్టనీకి అడ్డమొస్తుంటే ఇరిసిన. ఇంట్ల చెత్తడబ్బాల ఉంటయి.”

మొక్కను కొంగులో పెట్టుకుని కారెక్కాను. దారంతా అమర్ తిట్టాడు. రావుగారి ముందు తల కొట్టేసినట్టయిందట, ప్రమోషన్ ఇక మాఫీ అట, అంటే లేనట్టే, ఒక మొక్క కోసం మొగుడి పరువు తీశానట. నోరు తెరిస్తే ఏమంటానోనని నాకే భయమేసింది.

ఇంటికెళ్ళగానే చెత్తడబ్బా నేల మీద బోర్లించాను. టీ పొడి, గుడ్డు పెంకుల మధ్య దొరికింది. తొమ్మిది మొగ్గలు, అన్నీ వాడిపోయాయి. పెద్దదాన్ని గోటితో చీల్చాను. లోపలంతా లేత ఆకుపచ్చ. రంగు ఇంకా రాలేదు.

నేను ఏడుస్తున్నానని అమర్‌కి అప్పుడు తెలిసినట్టుంది. గొంతు తగ్గించాడు.

“మళ్ళ పూస్తది గదా?”

“పూస్తది,” అన్నాను. “వేర్లు పట్టి, తేరుకొని, రెండేండ్లకో మూడేండ్లకో. అప్పటిదాంక నాతోని మాట్లాడకుండ్రి.”