వానకోటుకు ఇస్త్రీ

వానకోటుకు ఇస్త్రీ పెడుతున్నారట, ఇక దాన్ని పెళ్లిచూపులకి పంపడమే తరువాయి అని ఎదురింటావిడ నవ్విందట. మేడమీది కుట్టుపనావిడ మెట్లు దిగుతూ ఆ మాట మోసుకొచ్చి అత్తగారి చెవిన వేసింది.

"నవ్వనీ. నోరు ఆవిడది, కోటు మాది," అంది అత్తగారు. ఇస్త్రీపెట్టె మాత్రం ఆపలేదు.

కోడలిది కరెంటు స్తంభాలెక్కే పని. ఆఫీసు మొత్తానికి స్తంభమెక్కే ఆడమనిషి ఆమె ఒక్కతే. కిందటివారం వానలో కోటు లోపలిదాకా తడిసి, వేళ్లు కొంకర్లు పోయి, పైనుంచి కటింగ్ ప్లేయరు జారవిడిచింది. "ఇంకోసారి ఇలాగైతే నిన్ను ఫోన్ల దగ్గర కూచోబెడతా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఇంటికొచ్చి కోడలు తడికోటు పిండి దండెం మీద వేసింది.

కోటు పాతబడిందనే అంతా అనుకున్నారు. కోడలి బూట్లకు మైనం పట్టించడానికి అత్తగారు వెళ్తే, చెప్పులు కుట్టే ముసలాయన సంచిలో ఉన్న కోటు చూసి ముక్కు ఎగబీల్చాడు.

"సెంటు గుప్పుమంటోంది. ఎవరమ్మా ఉతికేది?"

"నేనే. వారం వారం. సబ్బుపొడి దండిగా వేసి, బట్టలు మెత్తబడే మందులో నానబెట్టి మరీ."

"అదే కొంప ముంచింది. నీళ్లు జారిపోయే పూత మీద ఆ జిడ్డంతా పేరుకుంది. తడి పీల్చేది అదే. జిడ్డు వదలగొట్టి, కాస్త వేడి చూపించండి, పూత లేచొస్తుంది. వేడి ఎక్కువైతే మాత్రం కోటు కరుగుతుంది."

అత్తగారు కోటు బయటికి తీసి తనూ వాసన చూసింది. పిల్ల దగ్గర చెమటకంపు ఉండకూడదని చేసిన ముద్దు అది.

గోరువెచ్చని నీళ్లలో తొమ్మిదిసార్లు జాడించింది. తొమ్మిదోసారికి నురగ ఆగింది. ఆరబెట్టి, పైన పల్చటి తువ్వాలు పరిచి, సన్నటి వేడి మీద జానెడు జానెడు ఇస్త్రీ చేసింది. చెంబుడు నీళ్లు పోస్తే వీపు మీద ముత్యాల్లా దొర్లాయి గాని, బ్యాగు పట్టీలు రాసుకునే భుజాల దగ్గర ఇంకిపోయాయి. అక్కడ పూత అరిగిపోయింది. మర్నాడు బజారుకెళ్లి కోట్లకు కొట్టే స్ప్రే తెచ్చి, భుజాలకు పట్టించి, మళ్లీ మొదలెట్టింది. ఇప్పుడు చేస్తున్నది ఆ రెండో ఇస్త్రీయే. ఈసారి భుజాల మీద కూడా చుక్క నిలవలేదు.

"పాడుచేసింది నేనేనే అమ్మాయ్," అంది కోటు అందిస్తూ.

"పోనీలెండత్తయ్యా. ఆ సెంటుకి స్తంభం మీద కాకులు తుమ్మేవి. వాటికీ సుఖమే."

మధ్యాహ్నం వాన దంచుతుండగా వీధంతా కరెంటు పోయింది. గంట తర్వాత కోడలికి ఫోనొచ్చింది. బూట్లు బిగించి వానలోకి దిగింది. అత్తగారు గుమ్మంలోంచి ఆ భుజాలకేసే చూస్తూ నిలబడింది. చినుకులు పడ్డవి పడ్డట్టే జారిపోతున్నాయి.

ఎదురు వరండాలో ఎదురింటావిడ, కుట్టుపనావిడ నిలబడి ఉన్నారు. "కరెంటు పోయి గంటయింది పిన్నీ, పట్టించుకునే దిక్కులేదు," అంది ఎదురింటావిడ అత్తగారితో. అదే ఊపులో, "అయినా ఇంత వానలో ఆడపిల్లని స్తంభాలెక్కించకపోతేనేం? ఇంట్లో కూచోబెట్టరాదూ?"

"సరే. వీధి మలుపు కూడా దాటలేదు, వెనక్కి పిలవమంటావా?" అంది అత్తగారు.