కోదండం పెట్టని పదును

కత్తి గురించి నాకు తెలిసినంత పుత్తూరు చుట్టుపక్కల ఎవడికీ తెలియదని విర్రవీగేవాణ్ణి. మా నాయన గోవిందయ్య పేరున్న మామిడి అంట్ల మేస్త్రీ. ఆయన తర్వాత రైతుల సంఘానికి పనిముట్లు ఎంచేది నేనే. ఆ విర్రవీగుడే కమ్మరి కోదండం కొలిమిని ఆర్పేసింది.

పోయిన ఏడాది సంఘం రెండు వందల పెద్ద మడత కత్తులు కొనాలనుకుంది. చెట్టెక్కేవాడు మడిచి మొలలో దోపుకోవాలి, పైన తెరిస్తే బొటనవేలంత కొమ్మ ఒక్క వేటుకు తెగాలి. నమూనాకు ఒక కంపెనీ కత్తి ఆన్‌లైన్‌లో తెప్పించాం. రెండోది కార్వేటినగరం నుంచి కోదండం తెచ్చాడు. లారీ స్ప్రింగు పట్టాతో చేసిన కత్తి, చింత చేవ పిడి. ధర కంపెనీదానిలో మూడో వంతు.

"ఈ ఒక్క బేరం కుదిరితే కొలిమి నిలస్తాదప్పా. లేకుంటే మూసేసి యాడికన్నా పోవాల్సిందే," అన్నాడు. మజ్జిగ ఇచ్చినా కూర్చోలేదు, నిలబడే తాగాడు.

సంఘం వాళ్లందరి ముందూ పరీక్ష పెట్టాను. నానబెట్టిన కొబ్బరి తాడు, పచ్చి మామిడి కొమ్మలు. కంపెనీ కత్తి టక్కుమని తెరుచుకుంది, తాడును నలభై సార్లు కోసినా మొండికేయలేదు. కోదండం కత్తి ఆరో కోతకే తాడును పీకింది. కొమ్మ మీద బెరడు చీల్చి ఊరుకుంది.

"ఏం కోదండన్నా, దీంతో వంకాయన్నా తెగతాదా?" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. అప్పుడు నాకు మహా సంబరంగా ఉండింది. ఇప్పుడు తలచుకుంటే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. కోదండం ఏదో అనబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. కత్తి కూడా అడగకుండా వెళ్లిపోయాడు. సంఘం రెండు వందలూ కంపెనీ కత్తులే కొనింది.

ఈ ఏడాది కోతల్లో మామిడి సొన పట్టి కంపెనీ కత్తుల్లో సగం కీళ్లు బిగుసుకుపోయాయి. మొద్దుబారినవి నూరుదామంటే మన రాళ్లకు లొంగవు. విసుగెత్తి కోదండం కత్తి తీసి, నాయన సానరాయి మీద పావుగంట నూరాను. తాడు కోస్తూ అరవై దాకా లెక్కపెట్టి ఆపేశాను. ఇంకా తెగుతూనే ఉంది. కొత్త కత్తి కొనగానే నాయన రాయి ముందు ఎందుకు కూర్చునేవాడో అప్పుడు తట్టింది. అది ముసలాయన చాదస్తమనుకున్నాను నేను. అయ్యో, ఎంత పని చేశాను!

ఆ కత్తి మొలలో దోపుకుని, వెంటనే బస్సెక్కి కార్వేటినగరం పోయాను. కోదండం సెక్యూరిటీ గార్డు చొక్కా వేసుకుని, తిరుపతిలో కల్యాణమండపం డ్యూటీకి బయలుదేరుతున్నాడు.

"పదును పెట్టకనే ఎందుకిచ్చినావన్నా? ఒక్క మాట చెప్పుండొచ్చు కదా!" అని ఆయన మీదే ఎగిరాను. సిగ్గు లేదు నాకు.

"ఆఖరి పదును మేం పెట్టమప్పా. ఎవురి చేతివాటం వాళ్లది, పట్టుకునేవాడే పెట్టుకోవాల. మీ నాయన నా కాడ ఇరవై కత్తులు కొన్నాడు. ఒక్కటీ నన్ను నూరనీలేదు."

"మరి ఆ పొద్దే చెప్పాల్సింది!"

"అంతమంది ముందర, గోవిందయ్య కొడుక్కి కత్తి నూరేది నేను నేర్పితే బాగుంటాదా? నీ పరువు పోతాదని ఊరుకున్నాను."

మళ్లీ కొలిమి పెట్టు, సంఘంతో నేను మాట్లాడతానన్నాను.

"సమ్మెట, దాగలి అన్నీ అమ్మేసినానప్పా."

కత్తి అందుకుని, బొటనవేలితో అంచు చూసి, మడిచి నా చేతికిచ్చాడు.

"బాగా నూరినావు. అచ్చం మీ నాయన మాదిరే," అన్నాడు.

నాలుగు బూతులు తిట్టుంటే బాగుండేది.