సగం విన్న ఫోను

గేటు కడ్డీకి అతుకు వేస్తూ వేస్తూనే వెల్డరు జేబు తడుముకున్నాడు. ఫోను ఉంది. మోగలేదు. నల్లద్దం దించాడు, రాడ్డు ఆనించాడు, నిప్పురవ్వలు చల్లారకముందే మళ్లీ అద్దం ఎత్తాడు.

“ఏంటి బావా, ఆ ఫోనేమన్నా గుడ్డు పెడుతుందా? గడియకోసారి తీసి చూస్తున్నావు,” అన్నాడు పక్క షెడ్డు లేతు మేస్త్రీ.

“బడి నుంచి వస్తుందేమోనని. రాకపోతే బాగుండునని.”

సంగతి మేస్త్రీకీ తెలుసు. వెల్డరు కొడుకుని ఇంటాబయటా పిడుగు అంటారు. ఏడో తరగతి. వారం కిందట బడి మెట్ల మీద తోటివాణ్ణి తోసేస్తే వాడి ముందు పన్ను విరిగింది. క్లాసు టీచరమ్మ తల్లినీ తండ్రినీ ఎదురుగా కూర్చోబెట్టి తేల్చి చెప్పింది.

“ఇంకోసారి వీడి చెయ్యి లేస్తే హెడ్మాస్టరుగారు టీసీ ఇచ్చి పంపేస్తారు. నేనూ ఆపలేను. కాకపోతే మీరూ నాకో మాటివ్వాలి. ఇంట్లో వీడి మీద చెయ్యి లేవకూడదు. మేమొకటి నేర్పి మీరొకటి నేర్పితే వాడు ఎవరి మాట వింటాడు? మంచైనా చెడైనా సాయంత్రం ఫోన్ చేస్తాను. మీరు వాడితో మాట్లాడండి.”

“కొట్టడమెందుకు మేడమ్, ఊరికే భయం పెడతానంతే,” అని నసిగాడు వెల్డరు. భార్య అతనివైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి తలూపి మాటిచ్చాడు.

అప్పట్నుంచీ మనిషి కుదురుగా లేడు.

పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. గ్రైండరు ఆపి చెవికి ఆనించుకున్నాడు.

“ఇవాళ మెట్ల దగ్గర మళ్లీ ఆ అబ్బాయికీ మీవాడికీ మాటా మాటా పెరిగిందండీ. మీవాడు...”

“అర్థమైంది మేడమ్. వాడి సంగతి నేను చూసుకుంటా,” అని పెట్టేశాడు. బడి నుంచి వచ్చిన కబురులో మంచి ఉంటుందని అతని అనుభవంలో లేదు. అతని నాన్న అనుభవంలోనూ లేదు.

తోలు చేతొడుగులు బల్ల మీద పారేసి బండి తీశాడు. దారంతా తిట్లు కూడబలుక్కున్నాడు. ఈ బడి పొమ్మంటే ఇంకే బడి రమ్మంటుంది? వీడూ తనలాగే రవ్వల్లో కళ్లు కాల్చుకోవాలా?

పిడుగు గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. తండ్రిని చూడగానే మొహం చేటంత చేసుకుని లేచాడు.

“నాన్నా, మేడమ్ ఫోన్...”

చెంప ఛెళ్లుమంది.

వాడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఏడవలేదు. తల్లి వంటింట్లోంచి ఉరికొచ్చింది.

“ఏం చేశాడని? వాడేం చేశాడని కొట్టావయ్యా?”

ఏం చేశాడో వెల్డరుకీ తెలియదు.

ఫోను మళ్లీ మోగింది. ఆమె అతని జేబులోంచి లాక్కుని స్పీకరు నొక్కింది.

“మధ్యలో పెట్టేశారేంటండీ? ఆ అబ్బాయి కాలరు పట్టి లాగినా మీవాడు నేనొచ్చేదాకా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆ మాట మీ నోటితో చెబితే వాడికి బలం. చెప్పారా?”

పిడుగు తండ్రి దగ్గరగా జరిగి గుసగుసగా అన్నాడు. “చెప్పానని అను నాన్నా. రేపు మేడమ్ చెంప చూసి అడిగితే పడ్డానంటాలే.”

భార్య ఫోను అతని నోటి దగ్గరికి జరిపింది.

“చెప్పలేదు మేడమ్,” అన్నాడు వెల్డరు. “కొట్టాను. సగమే విని కొట్టాను.”

“రేపు బెల్లు కొట్టకముందే రండి,” అంది టీచరమ్మ.

“వీణ్ణి తీసుకుని రావాలా మేడమ్?”

“వాడెలాగూ వస్తాడు. నేను రమ్మంటున్నది మిమ్మల్ని.”

వెల్డరు కొడుకు ముందు గొంతుక్కూర్చున్నాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

“బాగా చేశావురా,” అన్నాడు.

పిడుగు వినలేదో, నమ్మలేదో, ఒకడుగు వెనక్కి వేశాడు.

“మళ్లీ చెప్పు,” అంది భార్య. “వాడికి నమ్మకం కుదిరేదాకా చెబుతూనే ఉండు.”

అతను మళ్లీ చెప్పాడు.