స్టేషన్ నుంచి ఇంటికొచ్చిన తుపాకి

ఆ తుపాకి మళ్లీ ఇంటికొస్తుందేమోనన్నదే ఆ పిల్లతల్లి భయం. దొంగలంటే భయం లేదు, దయ్యాలంటే అసలే లేదు. భర్త లారీ మీద ఊళ్లు పట్టుకుని తిరుగుతాడు. ఇంట్లో ఉండేది తనూ, చంకలో పిల్లా, మామగారూ. అత్తగారు పోయాక ఒక సాయంత్రం ఆయన తన లైసెన్సు తుపాకి ఒళ్లో పెట్టుకుని, "ఇంక నేనుండి ఎవరిని ఉద్ధరించాలి?" అన్నాడు. ఆమె పెరట్లోకి పరుగెత్తి పోలీసులకు ఫోన్ చేసింది. వాళ్లొచ్చి తుపాకి పట్టుకుపోయారు.

అప్పట్నుంచి మామగారు కోడలితో నేరుగా మాట్లాడటం మానేశాడు. ఏం చెప్పాలన్నా మనవరాలికే.

"అమ్మడూ, కూరలో ఉప్పు లేదని ఆ ఫోన్ చేసిన మహాతల్లికి చెప్పు."

ఇంకా మాటలు రాని ఆ పిల్ల నోట్లో వేలేసుకుని చూసేది.

స్టేషన్‌లో ఒక పద్ధతుంది. పట్టుకొచ్చిన తుపాకులను వెనకగదిలో పెడతారు గానీ, తుప్పు పడితే పూచీ వాళ్లది కాదు. ఎవరి తుపాకి వాళ్లే అప్పుడప్పుడూ వచ్చి, కానిస్టేబుల్ కళ్లెదుట తుడిచి నూనె పెట్టుకోవాలి. మొదటిసారి కబురొచ్చినప్పుడు ఆమె గుండె చిక్కబట్టుకుని ఆయన వెంట వెళ్లింది. గది గోడలన్నీ చెమ్మ. పైకప్పు కారుతుంటే కింద బకెట్. పేర్లు రాసిన గుడ్డపీలికలు కట్టి తుపాకులను ఒక మూలకు చేరేశారు.

"గొడుగులనుకున్నార్రా ఇవి?" అని మామగారు గర్జించాడు.

"నువ్వొచ్చి నేర్పు పెద్దాయనా. మాకు లాఠీ తుడవడమే సరిగా రాదు" అని నవ్వాడు గది చూసుకునే కానిస్టేబుల్.

ఆ మాటే పట్టుకున్నాడాయన. తనది తుడిచాక పక్కవాటినీ తుడిచాడు. ఇంటికొచ్చి మారు వడ్డించుకున్నాడు. తర్వాత్తర్వాత కబురు రాకపోయినా వెళ్లేవాడు. తుపాకి అక్కడ, మనిషి కుదురుగా ఇక్కడ. ఆమెకు ఇంకేం కావాలి?

అంతలో పైనుంచి ఆర్డరొచ్చింది, ఏ గొడవా లేదు కాబట్టి తుపాకి తిరిగి ఇచ్చేయమని.

ఆమె పిల్లనెత్తుకుని స్టేషన్‌కు పరుగెత్తింది. "అన్నా, ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉంచండి."

"గదిలో చోటు లేదు చెల్లెమ్మా. ఖాళీ చెయ్యమని ఒకటే పోరు. రైటర్ గారినడుగు" అన్నాడు కానిస్టేబుల్.

స్టేషన్ రికార్డులు రాసే ఆ రైటర్ తలెత్తలేదు. "తుపాకి మీ పేరు మీదుందా?"

"మా మామయ్యదండీ."

"అయితే వద్దని ఆయన్నే చెప్పమనండి."

"ఆయనే వద్దంటే నేనిక్కడికెందుకొస్తానండీ?"

"అయితే ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పుకోండి."

ఇన్‌స్పెక్టర్ గారు సెలవు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. "ఆవేళ నేనొక్క ఫోన్ చేస్తే పట్టుకొచ్చారే! ఉంచుకోమంటే మాత్రం ఇంతమంది కాళ్లు పట్టుకోవాలా?"

"పట్టుకురావడం మా పనమ్మా. దాచిపెట్టుకోవడం కాదు" అన్నాడు రైటర్.

భర్తకు ఫోన్ చేస్తే అక్కడా అదే వరస. "నాన్న బాగానే ఉన్నాడుగా. గోరంతను కొండంత చెయ్యకు."

మర్నాడు మామగారు తుపాకి తెచ్చి బీరువాలో పెట్టి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఇంక స్టేషన్‌కు రానక్కర్లేదని చెప్పారట. పోతే తుడవడానికి అక్కడ ఆయనదేముంది? మంచమెక్కాడు. పెట్టిన పళ్లెం పెట్టినట్టే ఉంది.

"మామయ్యా, ఆ తాళంచెవి నా దగ్గరుంచుతారా?"

"అమ్మడూ, పోలీసుల మనుషులకు తాళాలివ్వరని చెప్పు."

"కోపముంటే నన్ను తిట్టండి మామయ్యా. ఇలా మాత్రం ఉండకండి."

ఆయన గోడవైపు తిరిగాడు. మనవరాలు చొక్కా పట్టి లాగినా ఇటు తిరగలేదు.

రోజూ పొద్దున్నే ఆమె పిల్లనెత్తుకుని కుట్టుషాపుకు వెళ్తుంది. సాయంత్రం దాకా ఇంట్లో ఆయనొక్కడే. స్టేషన్ వెనక వీధిలో నీలం తలుపు ఇల్లు. అటు వెళ్తే ఏదో ఒక వంక పెట్టుకుని ఆ తలుపు తట్టండి. "తిన్నావా పెద్దాయనా?" అని అడగండి. పలక్కపోతే మళ్లీ తట్టండి. ఆయన పలికేదాకా అక్కణ్నుంచి కదలకండి.