డి అక్షరానికి ఏడు వారాలు

నా భర్త నాగేశ్ పోయిన మర్నాడు మా కరస్పాండెంటు రామాంజినప్ప గారు స్కూలు నోటీసు బోర్డులో ఇంగ్లీషులో ఒక సంతాప ప్రకటన పెట్టించారు. నాలుగు వరుసల్లోనే డీప్లీ, డిస్ట్రెస్డ్, డిమైస్, డివోటెడ్, డిపార్టెడ్ అని ఐదు మాటలు డి అక్షరంతో వచ్చాయి. ఆ వారం నాగేశ్ ఏడో తరగతిలో చెబుతున్నది కూడా డి అక్షరమే. కరస్పాండెంటు గారికి ఆ సంగతి తెలియదు. తెలిసుంటే ప్రకటన కింద తన పేరు ఇంకొంచెం పెద్దగా వేయించుకునేవారు.

ఆయన సుగటూరు మనిషి. పట్టుగూళ్ళ వ్యాపారంలో దెబ్బతిని, కోలారు బంగారు గనుల పక్కన రాబర్ట్‌సన్‌పేటలో ఇంగ్లీషు మీడియం స్కూలు పెట్టారు. పురుగులకు పూటపూటకీ ఆకు వేయాలి, పిల్లలు టిఫిన్ తామే తెచ్చుకుంటారు అని ఒకసారి స్టాఫ్ మీటింగులో నవ్వుతూ చెప్పారు. మేమూ నవ్వాము. జీతాల ముందు రోజది.

నాగేశ్, నేను ఆ స్కూల్లోనే ఇంగ్లీషు చెప్పేవాళ్ళం. ఆయన పై తరగతులకు, నేను కింది తరగతులకు. ఏడో తరగతిలో ఆయనకొక పద్ధతి ఉండేది. సోమవారం బోర్డు కుడి సగంలో ఒకే అక్షరంతో మొదలయ్యే ఐదు మాటలు, వాటి పక్కన తెలుగులో, కన్నడలో అర్థాలు రాసేవారు. క్లాసులో ప్రతి ఒక్కరూ ఆ ఐదింటినీ వాడి వాక్యాలు చెప్పాలి. గైడులో వాక్యం చెల్లదు. కంటితో చూసినదే చెప్పాలి. ఒకరు వాక్యం చెప్పగానే మిగతా అందరూ "చూసిందేనా?" అని అడుగుతారు. "చూసిందే" అంటే ఆ వాక్యం ఒప్పుకున్నట్టు. అందరిదీ అయ్యాక చివరి వంతు నాగేశ్‌ది. ఆయన తన వాక్యం చెప్పి, మానిటరుకు తడిగుడ్డ ఇస్తే అప్పుడు బోర్డు తుడవాలి. శనివారం లోపల ఆ తంతు ముగిసేది.

డి వారంలో ఆయన రాసినవి డిగ్, డస్ట్, డొనేట్, డిగ్నిటీ, డాడిల్. డాడిల్ అంటే తాత్సారం చేయడం. సోమవారం రాశారు. బుధవారం పొద్దున బూట్ల లేసులు కట్టుకుంటూ పక్కకు ఒరిగారు. ఆంబులెన్సు తమక ఆసుపత్రికి చేరకముందే అయిపోయింది. ఆయన ఏ పనికైనా నిదానస్తుడు. బెల్లు మీకోసం ఆగదని రోజూ అనేదాన్ని. ఆ రోజూ అన్నాను.

పదిహేను రోజుల తర్వాత నాకు ఏడో తరగతి ఇచ్చారు. బోర్డు కుడి సగం అలాగే ఉంది. పిల్లలు నాలుగు మాటలు త్వరగానే ముగించారు. డిగ్‌కు ఉమేశ్ చెప్పిన వాక్యం ఇది: "మా తాత నలభై ఏండ్లు బంగారం తవ్వినాడు, మా అవ్వ చెవుల్లో ఇంగా వేపపుల్లలే." చూసిందేనా అని అడిగితే, చెవులే చూపిస్తాను ఇంటికి రండి అన్నాడు. గనుల మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీదినుంచి గాలి వీస్తే టిఫిన్ డబ్బాలో దుమ్ము పడుతుందని డస్ట్‌కు పదిమంది చెప్పారు. ఫ్యాను రెక్కల మీద కరస్పాండెంటు గారి పేరుంది. కరెంటు లేదు కాబట్టి ఆయన పేరు చక్కగా చదవగలుగుతున్నామని డొనేట్‌కు ఒక అమ్మాయి చెప్పింది.

డాడిల్ దగ్గర మాత్రం బండి ఆగిపోయింది. రోజూ ఎవరో ఒకరు లేచి, "వాక్యం రాలేదు మిస్, రేపు చెప్తాను" అనేవారు. మర్నాడు వాళ్ళు చెప్పేసరికి ఇంకొకరికి రాదు. నోటు పుస్తకాలు దిద్దుతుంటే ఐదో వారంలో నాకు సంగతి తెలిసింది. ఒక్కొక్కరి పుస్తకంలో డాడిల్‌తో నాలుగైదు వాక్యాలున్నాయి, అన్నీ సరైనవే. ఎవరు ఏ రోజు రాదనాలో వెనక పేజీలో వంతులు కూడా వేసుకున్నారు. నేను టిక్కులు పెట్టి పుస్తకాలు తిరిగిచ్చేశాను. ఏమీ అడగలేదు. నాకూ ఆ రాత అక్కడ ఉండటమే కావాలి. వేరే ఎక్కడా ఆయన అంత పెద్ద అక్షరాలు రాయలేదు.

ఏడో వారం గురువారం కరస్పాండెంటు గారు క్లాసులోకి వచ్చారు. వెనక అటెండరు హనుమంతప్ప, చేతిలో స్క్రూడ్రైవరు. మర్నాడు ఆ గోడకు స్మార్ట్ బోర్డు పెట్టి, రిబ్బను కత్తిరించాలి.

"ఏమమ్మా శశికళా, ఈ డి ఇంగా యాడికీ పోలేదా?"

"ఒక్క మాట మిగిలింది సార్."

"ఏడు వారాల్లో నేనొక బిల్డింగే కట్టినాను కదమ్మా."

"అవును సార్. మెట్లు పెడితే పైకి కూడా వెళ్ళవచ్చు."

వెనక బెంచీలో ఎవరో దగ్గారు. ఆయన వినలేదు. నచ్చనివి వినకపోవడం ఆయనకు బాగా అలవాటు.

"సుమ్నే, ఊరికే ఒక ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోమ్మా. స్టేటస్ పెట్టుకో, నేనే ఫస్టు చూస్తాను. చాక్‌పీసు రాతకి ఇంత చేస్తారా?" అని హనుమంతప్ప వైపు తిరిగారు. "విప్పేదానికి ఎంత సేపప్పా?"

"నిదానంగా విప్పితే అర్ధగంట సార్."

"బేగ విప్పితే?"

"బేగ విప్పితే గోడ కూడా వస్తాది సార్."

ఆ రోజు రాదనే వంతు మాల అనే అమ్మాయిది, చెప్పాల్సింది ఇక తనొక్కతే. క్లాసులో మొదటి ర్యాంకు పిల్ల, మానిటరు. మారికుప్పంలో గని కార్మికుల లైన్లలో వాళ్ళ ఇల్లు. లేచి నిలబడి నా ముఖం చూసింది. చెప్పమన్నట్టు తల ఊపాను.

"వీ డాడిల్డ్ సెవెన్ వీక్స్ ఓవర్ వన్ వర్డ్," అంది మాల. ఒక్క మాట దగ్గర ఏడు వారాలు తాత్సారం చేసినాము అని.

"చూసిందేనా?" అన్నారు ముప్పైమందీ, గొంతు తగ్గించి.

"చూసిందే."

"శభాష్," అన్నారు కరస్పాండెంటు గారు. "అయిపోయింది. విప్పప్పా."

"అయిపోలేదు సార్," అంది మాల. "చివరి వంతు నాగేశ్ సార్‌ది. సార్ ఇంగా చెప్పలేదు."

హనుమంతప్ప స్క్రూడ్రైవరు దించేశాడు. కరస్పాండెంటు గారు పైకి చూశారు. ఫ్యాను రెక్క మీద తన పేరే కనిపించింది. అది కూడా సాయం చేయలేదు.

"దానికి నేనేం చేసేది పాపా?"

"ఏం చేయొద్దు సార్. అదే మేము అడిగేది."

ఆ పద్ధతి ప్రకారం ఇక ఆ బోర్డు ఎప్పటికీ తుడవనక్కరలేదు. పిల్లలు పకడ్బందీగా ఆలోచించారు. నేను అవునంటే చాలు. అయితే కరస్పాండెంటు గారు ఊరుకోరు. సాయంత్రం మేము ఇళ్ళకు వెళ్ళాక బోర్డు విప్పించి, విరిగిన బెంచీలున్న గదిలో గోడవైపు తిప్పి పెట్టిస్తారు. రాత ఉంటుంది. దానికింద నాగేశ్ వంతు మిగిలే ఉంటుంది. ఎవరినీ వంతు ఎగ్గొట్టనివ్వని మనిషి, తానే ఎగ్గొట్టినట్టు ఉంటుంది.

"సార్ వంతు నేను చెబుతాను," అన్నాను.

మాల కూర్చోలేదు.

"నాగేశ్ డాడిల్డ్ ఎవ్రీ డే, ఎక్సెప్ట్ వన్." కన్నడ పిల్లల కోసం కన్నడలో, మిగతావారి కోసం తెలుగులో చెప్పాలి. అది ఆయన అలవాటు. కన్నడలో చెప్పాను. తెలుగులో చెప్పడానికి కొంచెం సమయం పట్టింది. "నాగేశ్ రోజూ తాత్సారం చేసేవాడు, ఒక్క రోజు తప్ప."

చూసిందేనా అని ఎవరూ అడగలేదు. ఆ క్లాసులో అలా జరగడం అదే మొదటిసారి. పద్ధతి పద్ధతే కాబట్టి, అడగకపోయినా నేనే చెప్పాను.

"చూసిందే."

ఉమేశ్ బకెట్లో గుడ్డ తడిపి, పిండి, మాలకిచ్చాడు. మాల తెచ్చి నాకిచ్చింది. నేను తిరిగి ఆమెకే ఇచ్చాను. మానిటరు పని మానిటరే చేయాలి.

డిగ్ నుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్క అక్షరం తుడిచి, గుడ్డ మడత మార్చి, మళ్ళీ ఇంకొక అక్షరం. డిగ్నిటీ దగ్గర గుడ్డ ఆరిపోయిందని చెప్పి మళ్ళీ తడుపుకొచ్చింది. హనుమంతప్ప గోడకు ఆనుకుని, తనకు ఈ రోజంతా ఇదే పని అన్నట్టు చూస్తున్నాడు. చివరి మాట ముందు మాల ఆగి, గుడ్డను బకెట్ దాకా తీసుకెళ్ళి పిండుకొచ్చింది.

కరస్పాండెంటు గారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు.

"ఇంగ ఎంతసేపమ్మా, ఈ పాప చేసేదాన్ని ఏమంటారు?"

ఎవరూ చెప్పలేదు. ఆ మాట అప్పటికింకా అర్థంతో సహా బోర్డు మీదే ఉంది.